చిలుము పట్టిన బిళ్ళ, జారని ముడి

చిన్నప్పటి స్కౌటు బిళ్ళలు ఎందుకూ పనికిరావు. అయినా పారేయడానికి చెయ్యి రాదు. ఎందుకని? అండమాన్‌లో పెరిగిన ఒక తెలుగు స్కౌటు తన రేకు డబ్బా మూత తీసి చెబుతున్న కథ ఇది.

అండమాన్‌లో ఇత్తడి వస్తువు దాచుకోవడమంటే సముద్రంతో పందెం కాసినట్టే. మే నుంచి డిసెంబరు దాకా వాన. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్లు కురుస్తుంది. వాన లేని నాలుగు నెలలూ ఉప్పుగాలి. ఇనుముకు తుప్పు, తోలుకు బూజు, ఇత్తడికి చిలుము. ఇలాంటి చోట ఒక బిస్కెట్ల డబ్బా ముప్పై ఏళ్లు నిలిచిందంటే మా అమ్మ చలవే. ఏటా సంక్రాంతి ముందు మంచి ఎండ చూసి డబ్బాను వాకిట్లో పెట్టేది. లోపల నాలుగు కర్పూరం బిళ్ళలు వేసి మళ్లీ మూత బిగించేది. అమ్మ పోయాక ఆ పని చేసేవాళ్లు లేకపోయారు. మొన్న వానాకాలంలో ఇల్లు సర్దుతూ తీయబోతే మూత ఒక పట్టాన రాలేదు. చెంచా కాడతో ఎత్తాల్సి వచ్చింది.

పైన మడతపెట్టిన స్కార్ఫు. దాన్ని మెడ దగ్గర పట్టి ఉంచే తోలు వాగుల్. కింద గుడ్డ బిళ్ళలు ఏడు, టోపీకి పెట్టుకునే ఇత్తడి బిళ్ళ ఒకటి, ఒక విజిల్, మూరెడు తాడు ముక్క. గుడ్డ బిళ్ళల అంచుల్లో తెల్లదారం పోగులు ఇంకా వేలాడుతున్నాయి. చొక్కా పొట్టయిపోయినప్పుడు అమ్మ కుట్లు విప్పింది గానీ దారం లాగెయ్యలేదు. ఇత్తడి బిళ్ళ ఆకుపచ్చగా మారిపోయింది. వేలితో రుద్దితే నడుమ అశోక చక్రం మాత్రం తగిలింది.

ఆ ఏడింటిలో ఒకటి నాది కాదు. ఫొటో తీసి విశాఖలో ఉన్న అక్కకు పంపాను. నిమిషం తిరక్కుండా ఫోను.

"ఒరే, నా రజత్ పంఖ్! నీ దగ్గరుందేట్రా దొంగా? పెళ్లప్పుడు పెట్టంతా ఎతికేను."

అక్కకు నలభై ఎనిమిదేళ్లు. ఇద్దరు పిల్లల్ని ఇంజినీర్లను చేసింది. ఎనిమిదేళ్ల వయసులో బుల్బుల్‌గా, అంటే చిన్నపిల్లల దళంలో ఉండగా, సంపాదించిన గుడ్డముక్క కోసం ఆ గొంతులో అంత ఆత్రం ఎక్కడిదో అర్థం కాలేదు. ఆ రాత్రి డబ్బా ముందు కూర్చుంటే కొంచెం కొంచెంగా అర్థమైంది.

నాన్నకు ఎన్ని బిళ్ళలు?

మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి వలతో వచ్చినవాడు. ఆయనలాంటి వాళ్లు వేలమంది. విశాఖలో ఓడెక్కితే సుమారు 1,200 కిలోమీటర్ల నీటిదారి, మూడు పగళ్లు, రెండు రాత్రులు. బంక్ క్లాసులో మూటలు తలకింద పెట్టుకుని వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో, చుట్టుపక్కల గూడు కట్టుకున్నారు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 50,404 మంది. అంటే నూటికి పదముగ్గురు.

మా ఇంటి అరుగు మీద ఎప్పుడూ ఒక వల పరిచి ఉండేది. నేను ఆరో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం దాని పక్కనే కూర్చుని రెండు తాళ్లతో కుస్తీ పడుతున్నాను. సన్నతాడు, లావుతాడు. రెండింటినీ కలిపి జారకుండా వేసే ముడి పేరు షీట్ బెండ్. మర్నాడు పరీక్ష. నా ముడి లాగితే ఊడిపోతోంది.

"ఏట్రా అది?"

"షీట్ బెండ్ నాన్నా. రేపు మేస్టారు అడుగుతారు."

"ఏదీ, ఇలా తే."

తాడు తీసుకుని ఒక మెలిక తిప్పాడు. లాగి చూపించాడు. ఊడలేదు. తర్వాత వల ఎత్తి ఒక కన్ను నా ముఖం దగ్గర పెట్టాడు.

"ఇది వలకన్నుకి ఏసే ముడే గదేటి! రోజుకి ఎయ్యి ఏస్తాను. నాకెన్ని బిళ్ళలిస్తారో మీ మేస్టార్ని అడిగిరా."

నిజమే. వల కన్ను కన్నుకీ ఉండేది షీట్ బెండే. ఇంగ్లండు పుస్తకంలో ఒక పేరుతో ఉన్న పనితనం మా అరుగు మీద పేరు లేకుండా ఉంది. మర్నాడు మేస్టారితో అదే మాట అన్నాను. ఆయన నవ్వలేదు. "ఆదివారం మీ నాన్నగారిని పిలుచుకురా, మాకూ నేర్పిస్తారు" అన్నారు.

నాన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తాటాకు బుట్టలో చేపలు పట్టుకుని. మేస్టారు స్కౌటు పద్ధతిలో ఎడమ చెయ్యి చాపారు. నాన్న బిత్తరపోయాడు. ఎవరికైనా ఎడం చేత్తో ఏదైనా ఇస్తే వీపు చిట్లగొట్టే మనిషి ఆయన. మేస్టారు ఓపిగ్గా చెప్పారు: పశ్చిమ ఆఫ్రికాలో అశాంటీ వీరులు డాలును ఎడమ చేత పట్టేవారట. ఎడమ చెయ్యి చాపడమంటే డాలు కింద పెట్టడం, ఎదుటివాణ్ని నమ్మడం. స్కౌట్లలో ఆ కరచాలనానికి మూలంగా చెప్పుకునే కథ అది.

నాన్న గంటసేపు నేర్పాడు. ఇంటికి వచ్చే దారిలో చాలాసేపు మాట్లాడలేదు. జంగ్లీఘాట్ మలుపు దగ్గర మాత్రం అన్నాడు: "ఎడం చేత్తో తాడు గట్టిగా పట్టుకుంటేనే కుడి చేత్తో ముడి పడద్ది. ఎడం చెయ్యి తక్కువదేటి?"

దీవిలో పుట్టి, దీవికి వచ్చి

స్కౌటింగ్ పుట్టింది కూడా ఒక దీవిలోనే. ఇంగ్లండు దక్షిణ తీరంలో, పూల్ రేవు లోపల బ్రౌన్‌సీ అనే చిన్న దీవి ఉంది. 1907 ఆగస్టులో రాబర్ట్ బేడెన్ పవెల్ అనే సైనికాధికారి సుమారు 20 మంది పిల్లలను అక్కడ గుడారాల్లో ఉంచాడు. ధనవంతుల బడుల్లో చదివేవాళ్లనూ, కూలీల ఇళ్ల పిల్లలనూ కలిపి జట్లు చేయడం అందులోని అసలు ప్రయోగం. మరుసటి ఏడాది 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' పుస్తకం వచ్చింది. ఆ తర్వాత ఆ నిప్పురవ్వను ఆపడం ఎవరివల్లా కాలేదు.

మన దేశానికి 1909లో, బెంగుళూరు మీదుగా వచ్చింది. మొదట్లో యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే ప్రవేశం. మన పిల్లలు చూస్తూ ఉండాల్సిందే. చూస్తూ ఉండలేని పెద్దలు సొంత దళాలు పెట్టారు. 1916లో మద్రాసులో అనీబిసెంట్, అటు అలహాబాదు వైపు మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్. స్వాతంత్ర్యం వచ్చాక ఈ పాయలు కలిశాయి. 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. 1951 ఆగస్టు 15న గైడ్లూ వచ్చి చేరారు. మూడేళ్లు తిరిగేసరికి, 1953లో, తొలి జాతీయ జంబోరీకి హైదరాబాదు ఆతిథ్యమిచ్చింది.

మన బిళ్ళను పరీక్షగా చూస్తే ఆ కలయిక కనిపిస్తుంది. స్కౌట్ల గుర్తు ఫ్లూర్ ద లీ, అంటే దిక్సూచిలో ఉత్తరం చూపించే ముల్లు రూపం. దాని మీద గైడ్ల గుర్తు మూడాకు. నడుమ అశోక చక్రం. బ్రౌన్‌సీ దీవి నుంచి సారనాథ్ దాకా అన్నీ అంగుళమున్నర జాగాలో ఇమిడిపోయాయి.

మెట్లకూ మన పేర్లే. ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్, చివరికి రాష్ట్రపతి సంతకంతో వచ్చే రాష్ట్రపతి పురస్కార్. చిన్నపిల్లల్లో మగపిల్లలు కబ్‌లు, ఆడపిల్లలు బుల్బుల్‌లు. బుల్బుల్‌లకు కోమల్, రజత్, స్వర్ణ్, హీరక్ అని నాలుగు పంఖ్‌లు, అంటే రెక్కలు. కబ్‌ల లోకమంతా కిప్లింగ్ రాసిన అడవి కథల మీద నడుస్తుంది. తోడేలు అకేలా నాయకుడు. తమాషా ఏమిటంటే అండమాన్ అడవుల్లో తోడేలు లేదు, పులి లేదు, ఎలుగుబంటి లేదు. మేం మాత్రం గొంతు చించుకుని తోడేళ్లలా అరిచేవాళ్లం. అడవిపందులు భయపడి ఉంటాయి.

ఆరు భాషలు, ఒకే గుడారం

మా పెట్రోల్‌లో, అంటే మా స్కౌటు జట్టులో, ఏడుగురం. తెలుగు నేను. ఇద్దరు బెంగాలీలు, దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి తెచ్చి స్థిరపరిచిన సెటిలర్ల మనవలు. ఒక తమిళుడు, ఒక మలయాళీ. అడవి నరకడానికి ఛోటానాగపూర్ నుంచి తెచ్చిన కూలీల కుటుంబం నుంచి ఒకడు, వాళ్లను ఇక్కడ రాంచీవాలాలంటారు. కార్ నికోబార్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే కుర్రాడొకడు. ఇంట్లో ఆరు రకాలుగా తిట్టించుకుని, బయట అండమానీ హిందీలో మళ్లీ తిట్టుకునేవాళ్లం. తాళ్ల ముడులకు భాష అక్కర్లేదు. అదొక్కటే అందరం ఒకేసారి నేర్చుకున్న చదువు.

మా పెద్ద హైకు మౌంట్ హారియట్‌కు. చాతం జెట్టీలో ఫెర్రీ ఎక్కి బాంబూ ఫ్లాట్‌లో దిగి నడక. దారిలో హోప్ టౌన్. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయోను షేర్ అలీ పొడిచి చంపింది అక్కడే. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కనిపించే కొబ్బరిచెట్లు, సముద్రం, లైట్‌హౌస్ ఈ కొండ మీద నుంచి కనిపించే దృశ్యమేనని చెబుతారు. ఆ నోటు వచ్చాక, జేబులోంచి దాన్ని తీసి కంటి ముందు పెట్టుకుని, దాన్ని అటూ ఇటూ జరిపి సముద్రంతో సరిచూడని స్కౌటు ఉండడు. మణిపురి యుద్ధఖైదీల స్మృతికి ఆ కొండకు 2021లో మౌంట్ మణిపుర్ అని పేరు పెట్టారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ కూడా శ్రీ విజయపురం అయింది. డబ్బాలోని బిళ్ళలకు మాత్రం పాత ఊళ్లే గుర్తు.

ఆ హైకులో జలగలకు మా కాళ్లన్నీ విందు. రాంచీవాలా స్నేహితుడు ఉప్పు గుడ్డ మూటగట్టి తెచ్చాడు. మూట అలా ఆనిస్తే జలగ ముడుచుకుని రాలిపోయేది. పుస్తకంలో లేని పాఠం. రాత్రి మేస్టారు నిప్పు చుట్టూ కూర్చోబెట్టి ఆ రోజు ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నారో చెప్పమన్నారు. ఏడుగురం ఉప్పు మూట గురించే చెప్పాం. వాడు సిగ్గుతో తల దించుకున్నాడు. ఆ నెల మా పెట్రోల్ లీడర్ వాడే.

బహుమతి కాదు, పూచీ

పరుగుపందెం కప్పు గెలిస్తే అది నీదే. ముసలివాడివైనా అల్మరాలో ఉంటుంది, మళ్లీ పరిగెత్తి చూపించమని ఎవరూ అడగరు. బిళ్ళ సంగతి వేరు. మా మేస్టారు బిళ్ళ కుట్టించుకునే ముందు ప్రతివాడికీ ఒకే మాట చెప్పేవారు: ఈ గుడ్డముక్క చొక్కా మీద చూసి రేపు ఎవడైనా నీ దగ్గరికి పరిగెత్తుకొస్తాడు, అప్పుడు నాకు రాదని చెప్పే హక్కు నీకు లేదు.

అందుకే ప్రథమ చికిత్స బిళ్ళ వచ్చిన రోజు సంతోషం కంటే భయమే ఎక్కువ వేసింది. దారిలో ఎవరైనా పడిపోతారేమో, నన్నే పిలుస్తారేమోనని చొక్కా చేతిని అరచేత్తో కప్పుకుని ఇంటికి నడిచాను. అమ్మ చూసి, దెబ్బ తగిలిందా అని అడిగింది.

పెద్దయ్యాక తెలిసింది, దీనికి తెలుగులో చక్కటి మాట ఉంది. పూచీ. బిళ్ళ అంటే గతంలో చేసినదానికి మెచ్చుకోలు కంటే ఎక్కువగా, ముందు ముందు చేయబోయేదానికి పూచీకత్తు. పన్నెండేళ్ల పిల్లాణ్ని నమ్మి ఒక ఊరు పూచీ తీసుకుంటే ఆ పిల్లాడు దాన్ని జన్మలో మర్చిపోడు. అక్క గొంతులోని ఆత్రం అదే. ఎనిమిదేళ్లప్పుడు తనను ఒకరు నమ్మారనడానికి మిగిలిన ఒకే ఒక్క రుజువు ఆ గుడ్డముక్క.

నా డబ్బాలోకి రాని బిళ్ళ ఒకటుంది. రాష్ట్రపతి పురస్కార్ పరీక్ష శిబిరం మెయిన్‌ల్యాండ్‌లో. పెట్టె సర్దుకుని హ్యాడో రేవుకు వెళ్తే తుపాను హెచ్చరిక. ఓడ మూడు రోజులు కదల్లేదు. కదిలేసరికి అక్కడ శిబిరం సగం అయిపోయింది. దీవి పిల్లలకు ఇలాంటివి మామూలే. పరీక్షలైనా, పెళ్లిళ్లైనా, చావులైనా మాకు సముద్రం ఒప్పుకోవాలి. 'సిద్ధంగా ఉండు' అన్న స్కౌటు మాట మైదానాల్లో ఒక నినాదం కావచ్చు. సాయం రావడానికి మూడు రోజులు పట్టే చోట అది బతికే దారి.

ఆ ఆదివారం

2004 డిసెంబరు 26 ఆదివారం. తెల్లారి ఆరున్నర అవుతుండగా మంచం ఊయలలా ఊగింది. తర్వాతి కథ లోకానికి తెలుసు. అండమాన్ నికోబార్‌లో 3,500 మందికి పైగా చనిపోవడమో, ఆచూకీ లేకుండా పోవడమో జరిగింది. నికోబార్ దీవులు ఎక్కువ నష్టపోయాయి. పోర్ట్ బ్లెయిర్ దగ్గర నేలే సుమారు మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లోకి ఆ రోజు వచ్చిన ఉప్పునీరు మళ్లీ వెనక్కి పోలేదు.

దక్షిణాది దీవుల నుంచి ఓడల్లో, విమానాల్లో జనాన్ని తెచ్చి పోర్ట్ బ్లెయిర్ శిబిరాల్లో ఉంచారు. నాకప్పుడు ఇరవై ఆరు. చేతికందిన పని చేయడానికి వెళ్లాను. ఒక మైదానంలో టార్పాలిన్లు గాలికి లేచిపోతున్నాయి. ఎవరో తాడు నా చేతికిచ్చారు. పదేళ్లుగా నేను ఒక్క ముడీ వెయ్యలేదు. ఆలోచించేలోపే గుంజకు క్లోవ్ హిచ్ ముడి పడిపోయింది. బుర్ర మర్చిపోయినదాన్ని చేతులు దాచుకున్నాయి. అవతలి గుంజ దగ్గర ఎవరో పెద్దాయన అదే ముడి అదే తీరులో వేస్తున్నాడు. తల ఎత్తి నా వైపు చూశాడు. పేర్లు అడగలేదు, ఏ దళం అనీ అడగలేదు. చీకటి పడేదాకా వరసగా గుంజలకు తాళ్లు కట్టుకుంటూ పోయాం. వెళ్లేటప్పుడు ఎడమ చెయ్యి చాపాడు.

ఆ రోజు నా చొక్కా మీద బిళ్ళ లేదు. డబ్బా అటక మీద ఉంది.

డబ్బా తీస్తే ఏం చేయాలి?

పాత బిళ్ళలు దొరికితే వెంటనే ఉతక్కండి. పాత దారాల రంగు కారిపోతుంది. నీడలో, గాలి తగిలేలా రెండు రోజులు ఆరనిచ్చి, మెత్తటి కుంచెతో బూజు దులిపితే చాలు. ఇత్తడి బిళ్ళను చింతపండుతో తోమాలని చెయ్యి దురద పెడుతుంది. అచ్చులో ఉన్న సన్నగీతలు అరిగిపోతాయి, ఆగండి. పొడిగుడ్డతో తుడిచి విడిగా పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో మూసేస్తే తేమ లోపలే ఉండిపోతుంది. కాగితంలో చుట్టడం మేలు. అన్నిటికంటే ముఖ్యం, ఏ బిళ్ళ ఏ ఏడు, ఏ ఊళ్లో వచ్చిందో చీటీ రాసి పక్కన పెట్టండి. మీ తర్వాత ఆ డబ్బా తీసేవాళ్లకు అది గుడ్డముక్కలా మిగలకూడదు.

రైలు లేని ఊళ్లో రైల్వే కోటా

ఇప్పటి పిల్లలకు స్కౌటింగ్ లేదనుకుంటే పొరపాటు. దీవుల్లో బడులున్నాయి, దళాలున్నాయి. జనవరి 26న, ఆగస్టు 15న కవాతులో స్కార్ఫులు కనిపిస్తూనే ఉన్నాయి. మారింది బిళ్ళను చూసే చూపు. తల్లిదండ్రులు మొదట అడిగేది దీనికి మార్కులొస్తాయా అని. రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉంది, రాష్ట్రపతి పురస్కార్ ఉంటే ఉద్యోగానికి దారి అవుతుంది. అది తప్పని నేననను, పేద పిల్లలకు అది నిజమైన ఆధారం. అండమాన్‌లో రైలే లేదు, రైలు చూడని పిల్లాడు రైల్వే కోటా కోసం సర్టిఫికెట్ లామినేషన్ చేయించుకుంటున్నాడు, అదొక్కటే నవ్వు తెప్పిస్తుంది. నన్ను బాధించేది ఇంకొకటి. సర్టిఫికెట్ ఫైల్లో భద్రంగా ఉంటోంది. ముడి మాత్రం పరీక్ష మర్నాడే ఊడిపోతోంది.

మొన్న పక్కింటి పాప, ఏడో తరగతి, గైడు, ద్వితీయ సోపాన్‌కు తయారవుతోంది. ఫోనులో వీడియో పెట్టుకుని షీట్ బెండ్ నేర్చుకుంటోంది. ఎన్నిసార్లు వేసినా ఊడుతోంది. వీడియోలో చెయ్యి ఒక వైపు, తన చెయ్యి ఒక వైపు. "పెద్దనాన్నా, మీకొచ్చా?" అంది. అటక మీది నాన్న పాత వల దించాను. దాని కన్ను ఒకటి ఆ పిల్ల ముఖం దగ్గర పెట్టాను. కాసేపు కళ్లు చికిలించి చూసింది. తర్వాత తాడు తీసుకుంది. మూడోసారికి ముడి నిలిచింది.

అక్క రజత్ పంఖ్‌ను రేపటి కొరియర్‌లో విశాఖ పంపిస్తున్నాను. మిగతా ఆరూ నా దగ్గరే ఉంటాయి.

మీ ఇంట్లోనూ అటక మీద ఎక్కడో అలాంటి డబ్బా ఉండే ఉంటుంది. స్కౌటువో, గైడువో, ఎన్‌సీసీవో, బాలానందం సంఘానివో. ఈ ఆదివారం దించండి. పిల్లలకు బిళ్ళ చూపించి ఊరుకోకండి. గజం తాడు కూడా చేతికివ్వండి. ఆ బిళ్ళ ఏ పనికి పూచీ పడిందో ఆ పని మీకింకా వచ్చో రాదో వాళ్ల ముందే తేలిపోనివ్వండి.